చప్పుడు లేని మిషను

భోజనాల బల్ల మీద విచ్చుకుని నిలిచిన ఆ నల్ల గొడుగును మూసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ కలగలేదు. దాని నీడలో మధ్యాహ్నపు కూర గిన్నెలు చల్లారిపోయాయి. దానిని అక్కడ పెట్టేటప్పుడు పెద్దమ్మాయి కంచాలు పక్కకు జరిపిన మాట నిజమే గాని, ఎవరినీ లేవమనలేదు. ఎవరికీ లేవాలని తోచలేదు. తినాలని అంతకంటే తోచలేదు.

"మళ్ళీ అడుగుతున్నాను," అంది తమ్ముడితో. "దీని చట్రం వంచిందెవరు?"

"గొడుగు గొడుగే కదక్కా. వాన పడితే తడవకూడదు. అంతకంటే ఏం కావాలి?"

"నేనడిగింది వాన సంగతి కాదు. గాటు ఏది?"

తమ్ముడు ఎదుట ఉన్న నీళ్ళ గ్లాసులోకి చూశాడు, గాటు అందులో పడిపోయిందేమో అన్నట్టు.

చట్రం వంచిన మనిషి, మూసినప్పుడు చుట్టే పట్టీ పక్కనున్న కమ్మీ మీద ఆకురాయితో తన గాటు పెట్టాలన్నది ఆ కార్ఖానాలో తండ్రి స్వయంగా పెట్టిన నియమం. ఒక గాటు ఒకరిది, రెండు గాట్లు ఇంకొకరివి, మూడు గాట్లు మరొకరివి. ఏ గొడుగు తిరిగి వచ్చినా అది ఎవరి చేతి పనో గోటితో తడిమితే తెలిసిపోవాలి. తడమడం పెద్దమ్మాయికి నేర్పింది కూడా ఆయనే, ఆమెకు ఏడేళ్ళప్పుడు, తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని. ఈ గొడుగుకు ఎనిమిది కమ్మీలూ అద్దంలా నున్నగా ఉన్నాయి.

గాటు ఎందుకు లేదో సోమవారమే ఆమెకు తెలిసింది. ఊరి చివర కొత్త షెడ్డు తలుపు తీయించి చూసింది. చప్పుడు లేని కొత్త మిషను పగలంతా చట్రాలు వంచుతోందని పదకొండు నెలలుగా తమ్ముడు చెబుతూ వచ్చిన ఆ షెడ్డులో మిషను లేదు. కప్పును తాకేలా అట్టపెట్టెలున్నాయి. వాటినిండా వేరే దేశంలో తయారై వచ్చిన చట్రాలున్నాయి.

"చీటీ నీ చేత్తో రాసిచ్చావు," అంది ఆమె. "ప్రతి ఓడ సరుకుకీ రాసిచ్చావు. 'చట్రాలు మన షెడ్డులో తీగ నుంచి వంచినవి' అని. అది చూసే కదా నేను సంతకం పెట్టింది!"

"రాశాను. నువ్వు నమ్మావు. వచ్చి చూడొద్దని నేనన్నానా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. అనలేదు, నిజమే. పదకొండు నెలల్లో ఒక్కరోజు ఆటో ఎక్కి ఊరి చివరకు వెళ్ళి ఉంటే సరిపోయేది. వెళ్ళలేదు. తమ్ముడి మీద ఉన్న కోపంలో సగం అక్కడినుంచే పుట్టుకొస్తోందని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు.

"ఇనుము వంచే మిషను చప్పుడు చెయ్యదంటే నమ్మాను చూడు," అంది. "నా చెంపలు నేనే వాయించుకోవాలి."

"నేను మాత్రం నమ్మలేదూ?" అంది తల్లి, గిన్నెల మీద మూతలు పెడుతూ. "పెరట్లో ఆ దడదడ పోయింది, మధ్యాహ్నం కాస్త కునుకు పడుతోంది, అంతా మావాడి కొత్త మిషను చలవ అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. సిగ్గు లేకపోతే సరి."

"అమ్మా, నువ్వు కూడానా!"

"నేను నిన్నేం అనలేదురా. నా కునుకును అంటున్నాను."

తండ్రి అప్పటిదాకా పత్రిక చదువుతున్నాడు. లేదా చదువుతున్నట్టు పట్టుకున్నాడు. పుట తిప్పి చాలాసేపయింది. ఇప్పుడు దానిని నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, బల్ల మీద ఉంచాడు.

"అయిందేదో అయింది. రేపు పది గంటలకు వచ్చేవాళ్ళ సంగతి ఆలోచించండి."

వచ్చేవాళ్ళు ఇద్దరు, గొడుగులు కొనే దేశపు కస్టమ్స్ అధికారులు. రెండు దేశాల నడుమ కుదిరిన ఒప్పందం ప్రకారం గొడుగు గుడ్డ ఎక్కడ నేసినా వారికి అభ్యంతరం లేదు. పిడి ఎక్కడ చెక్కినా అభ్యంతరం లేదు. చట్రం మాత్రం ఈ దేశపు కార్ఖానాలో తీగ నుంచి వంచి కూర్చినదై ఉండాలి. అటువంటి గొడుగుకే అక్కడి రేవులో సుంకం ఉండదు. 'మేము అలాగే చేశాము' అని ఒక మనిషి బాధ్యత వహించి, ప్రతి సరుకుకూ మూలదేశ ప్రకటన రాసి సంతకం పెట్టాలి. వాణిజ్య శాఖలో నమోదైన ఆ ఒక్క మనిషి పెద్దమ్మాయి. నలభై ఒక్క ప్రకటనలు. నలభై ఒక్క సంతకాలు. అవి నిజమో కాదో కళ్ళారా చూసి పోవడానికే వాళ్ళు వస్తున్నారు.

"ఆలోచించడానికేముంది నాన్నా? ఉన్నదున్నట్టు..."

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. పెరటి వైపు నుంచి నేల అదిరేలా ఒక దెబ్బ వినిపించింది. తరువాత ఇంకొకటి. తరువాత, చిన్నప్పటినుంచీ ఆమె లెక్కలు కట్టిందీ పాఠాలు వల్లించిందీ ఏ చప్పుడు మీదనో, ఆ చప్పుడు తన పాత నడక అందుకుంది. బల్ల మీద గొడుగు చివరలు సన్నగా వణికాయి.

"ఏమిటది?"

"పాత ప్రెస్సు," అన్నాడు తండ్రి. "మీద కప్పిన పట్టా తీయించి, విరిగిన ముక్క అతికించి, పొద్దున నూనె వేయించాను. ఇనుము కదా, మరిచిపోదు. వంచేవాళ్ళను పిలిపించాను. రేపు ఒక్కపూట పని జరుగుతుంది. వాళ్ళు చూస్తారు, రాసుకుంటారు, వెళ్ళిపోతారు."

"నాటకమాడిస్తారా?"

"నాటకమేమిటి? ముప్పై ఏళ్ళు అలాగే చేశాం. చేసినదాన్నే చూపిస్తున్నాం."

"చేసి మానేసినదాన్ని చూపిస్తున్నారు!"

"గొంతు తగ్గించు."

"ప్రెస్సు అంత గొంతు నాకు లేదులెండి."

తల్లి మూతలు పెట్టడం ఆపి తండ్రి ముఖంలోకి చూసింది. ఏదో అడగబోయింది. అంతలో మెట్ల మీద చెప్పులు విప్పిన చప్పుడై, ఆగిపోయింది.

వచ్చింది ప్లీడరు బాబాయి. తండ్రికి పినతల్లి కొడుకు. రేవుల్లో చిక్కుకున్న సరుకులను విడిపించడంలో నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. చంకలో ఫైలు లేకుండా ఆయనను చూసినవారు లేరు. బల్ల మీద గొడుగును చూసి, దాని చుట్టూ నడిచి, మరో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చట్టరీత్యా..." అని మొదలుపెట్టాడు.

"బాబాయ్, తెలుగులో చెప్పండి."

"తెలుగే కదమ్మా! సరే, విను. ప్రకటన చేసిన మనిషి, తనిఖీ మొదలుకాక ముందే, తనంతట తాను దాన్ని వెనక్కి తీసుకుంటే అది దిద్దుబాటు. తనిఖీలో వాళ్ళంతట వాళ్ళు పట్టుకుంటే అది మోసం. ఈ రెండింటికీ మధ్య ఉన్నది మీ వాకిట గడప ఒక్కటే. రేపు వాళ్ళు అది దాటకముందు ఒక కథ, దాటాక ఇంకో కథ."

"దిద్దుకుంటే ఏమవుతుంది?"

"తప్పించుకున్న సుంకం కట్టాలి. రెండు మూడేళ్ళు రాయితీ ఉండదు. నీ మీద కేసు ఉండదు."

"మోసమైతే?"

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కంపెనీకి జరిమానా. సంతకం పెట్టిన మనిషికి విచారణ. ఇక జన్మలో ఏ ఎగుమతి కాగితం మీదా ఆ మనిషి సంతకం చెల్లదు. ఆపైన జైలు కూడా..."

"చాలు," అంది తల్లి.

"అయితే ఇంకేం? ఇప్పుడే వెనక్కి తీసుకుంటాను," అని పెద్దమ్మాయి లేచింది.

"తీసుకుని?" తండ్రి గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా వచ్చింది. "గుడ్డ కుట్టేవాళ్ళు అరవైమంది ఉన్నారు. పదకొండు నెలల కిందట ఆర్డరు చేతికొచ్చింది, ప్రెస్సు విరిగింది. చట్రాలు లేకపోతే వాళ్ళందరినీ ఇంటికి పంపాలి. అప్పుడు నీ రూలు పుస్తకం వాళ్ళకు జీతాలిచ్చేదా?"

"బయటి చట్రాలు కొనడం నేరం కాదు నాన్నా! ఎవడైనా కొంటాడు. సుంకం కట్టి మామూలుగా పంపితే ఎవరూ పల్లెత్తు మాట అనరు. మనవి కానివాటిని మనవని చెప్పడం నేరం. అది కూడా నా చేత చెప్పించడం... దానికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు."

"తొందరపడకు తల్లీ," అన్నాడు బాబాయి. ఫైలులోంచి ఒక కాగితం తీసి, ఆమె చేతికివ్వకుండా గొడుగు పిడి పక్కన ఉంచాడు. "ఇది కేవలం ముందుజాగ్రత్త. రేపు అంతా సవ్యంగా జరిగితే దీన్ని చింపేద్దాం. జరగకపోతే అప్పుడు పనికొస్తుంది. ఒక్క సంతకం చాలు."

ఆమె చదివింది. టైపు చేసిన నాలుగు వాక్యాలు. చట్రాల మూలాన్ని విచారించకుండా తన అజాగ్రత్త వల్ల సంతకాలు చేసినట్టూ, ఈ సంగతి యాజమాన్యానికి ఏమాత్రం తెలియనట్టూ ఆమె ఒప్పుకుంటోంది. 'అజాగ్రత్త' అన్న మాటకు ముందు ఎర్రసిరాతో, గుండ్రని పొందికైన అక్షరాలతో, ఎవరో మరో మాట చేర్చారు. 'తీవ్రమైన.'

ఎవరో ఏమిటి! ఆ ఎర్రసిరా ఆమెకు అక్షరాభ్యాసం నాటినుంచి తెలుసు. ఆమె కాపీ పుస్తకాలను దిద్దిన కలం అదే. చదవని కాగితం మీద సంతకం పెట్టకూడదని వంద సార్లు రాయించిందీ ఆ కలమే.

పెద్దమ్మాయి ఏడవలేదు. కాగితాన్ని తల్లి వైపు తిప్పి, ఆ మాట మీద వేలు పెట్టింది.

తల్లి చాలాసేపు చూసింది. పెరట్లో ప్రెస్సు పది దెబ్బలు కొట్టింది.

"మీకెప్పట్నుంచి తెలుసండీ?" అంది చివరకు.

తండ్రి పత్రికను విప్పి, మళ్ళీ మడిచాడు.

"మిమ్మల్నే."

"మొదటి పెట్టె దిగిన రోజునుంచి," అన్నాడు ఆయన.

తమ్ముడు తల వంచుకున్నాడు. బాబాయి ఫైలు తాడు ముడివేయడం మొదలుపెట్టాడు. వేసిన ముడే మళ్ళీ విప్పి వేశాడు. మోసపోయిన ఇంట్లో తండ్రీ తానూ ఒకవైపు ఉన్నామని సోమవారం నుంచి ఆమె అనుకుంటోంది. ఆ ఒకవైపున తానొక్కతే ఉందని ఇప్పుడు తెలిసింది.

ఆమె మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళింది.

పాత షెడ్డు వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఆకురాయి మావయ్య పని చేస్తున్నాడు. వరసకు ఏమీ కాకపోయినా పుట్టినప్పటినుంచీ ఆమెకు మావయ్యే. లోపల ఇంకొకతను ప్రెస్సు తిప్పుతున్నాడు. మావయ్యకు కుడివైపు అట్టపెట్టె. అందులోంచి నున్నటి చట్రం తీస్తాడు, పట్టీ పక్క కమ్మీని ఒళ్ళో పెట్టుకుంటాడు, గీస్తాడు, ఎడమవైపు గుట్టలో వేస్తాడు. ఆమెను చూసి లేవలేదు. ఒకప్పుడు లేచేవాడు.

"ఏం చేస్తున్నావు మావయ్యా?"

"కనబడట్లేదా మేడమ్‌గారూ?"

ఆయన నోట ఆమె ఎన్నడూ 'మేడమ్‌గారు' కాలేదు.

"ఇవి నువ్వు వంచినవి కావుగా."

"కావు. మా చేతి చట్రాలు పనికిరావని మమ్మల్ని ఇంటికి పంపారు కదా మరి! రూలు మారిందంట. చేత్తో వంచినవి ఆ దేశంవాళ్ళు తీసుకోరంట. కాగితాలు చదివి పెద్దమ్మాయే చెప్పిందన్నారు." గీసిన చోట నోటితో ఊదాడు. "కనబడితే ఒక్కమాట అడుగుదామనుకున్నా. బడి గేటు దగ్గర కాపలా ఉంటున్నా. రోజూ నువ్వు ఆ దారినే పోతావు. ఒక్కసారైనా తలెత్తితేనా!"

పదకొండు నెలలు ఆమె ఆ గేటు ముందునుంచే నడిచింది.

"మావయ్యా, ఆ రూలు లేదు."

"ఏ రూలు?"

"మారిందని చెప్పిన రూలు. అలాంటిది లేదు, నేను చెప్పలేదు. ఉన్న రూలు ఒక్కటే. చట్రం ఇక్కడే వంచాలి, మనవాళ్ళే వంచాలి. అలా వంచితేనే సుంకం మాఫీ."

ఆకురాయి ఆగింది.

"అంటే రూలు మా వైపే ఉందా?"

"మీ వైపే ఉంది."

"మరి మేమెందుకు ఇంట్లో కూర్చున్నాం?"

లోపల ప్రెస్సు దెబ్బ మీద దెబ్బ వేస్తూనే ఉంది. ఆయన ఎడమవైపు గుట్టను ఆమె చూసింది. కొన్నింటికి ఒక గాటు ఉంది. కొన్నింటికి రెండు.

"ఒక గాటు నీది. రెండు గాట్లాయన కూడా వచ్చాడా?"

"వాడెక్కడినుంచి వస్తాడమ్మా! చలికాలంలో పోయాడుగా. నీకది కూడా చెప్పలేదా?" ఆయన ఆకురాయిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "అన్నింటికీ ఒకే గాటుంటే అనుమానమొస్తుందని, వాడివి కూడా నన్నే పెట్టమన్నారు చిన్నబాబు. పాతికేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. వాడి గాట్లు కొంచెం ఏటవాలుగా పడేవి. అలాగే పెడుతున్నా. చెయ్యి రావట్లేదు గానీ, పెడుతున్నా."

"ఆపెయ్ మావయ్యా."

"ఆపితే? ఎల్లుండినుంచి పనిలో పెట్టుకుంటామన్నారు. మనవరాలికి నేను చెప్పేసి వచ్చా, తాత మళ్ళీ కార్ఖానాకు పోతాడని." ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. "ఆపమన్నావు. ఆపితే పనిస్తానని చెప్పగలవా?"

ఒక అబద్ధాన్ని ఆపడానికి వచ్చి ఇంకొకటి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. రాయితీ పోయిన కార్ఖానాలో ఎవరికి పని ఉంటుందో, ఎవరికి ఉండదో ఆమెకే తెలియదు.

ఆయన ఆకురాయి చేతికి తీసుకున్నాడు. వెంటనే గీయలేదు, అలా పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె పైకి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా భోజనాల గది పక్కనే ఉన్న ఆఫీసు గదిలో కూర్చుని, తలుపు తెరిచే ఉంచి, వాణిజ్య శాఖ వెబ్‌సైటు తీసింది. నలభై ఒక్క ప్రకటనలకూ ఎదురుగా గుర్తు పెట్టింది. కారణం రాయవలసిన చోట 'చట్రాలు ఈ దేశంలో తయారైనవి కావు' అని రాసింది. అంతకంటే ఒక్క మాట చేర్చలేదు. విశేషణాలు చేర్చే అలవాటు ఆ ఇంట్లో ఒకరికి చాలు.

"చచ్చిపోయినవాడి చేత కూడా పని చేయిస్తున్నారమ్మా," అంది, తెర మీదనుంచి చూపు తిప్పకుండా, గట్టిగా. "రెండు గాట్లాయన పోయాడట. ఆయన గాట్లు మావయ్య చేత పెట్టిస్తున్నారు. పైగా వాళ్ళను మానిపించింది నేనని చెప్పారట. రూలు మారిందని నేనన్నానట!"

"ఎవరు చెప్పారు?" అంది తల్లి.

"ఏదో ఒకటి చెప్పాలి కదా," అన్నాడు తమ్ముడు.

ఆమె ఆఖరి మీట నొక్కింది.

భోజనాల గదిలో తండ్రి చొక్కా జేబులో ఫోను మోగింది.

వాణిజ్య శాఖ దగ్గర కంపెనీ తరఫున నమోదైన ఫోను అదొక్కటే. దానికి వచ్చిన ఆరు అంకెలు ఇక్కడ నింపితేనే ప్రకటనలు వెనక్కి వెళతాయి. పది నిమిషాలు దాటితే ఆ అంకెలు చెల్లవు. సాయంత్రం ఆరు దాటితే రేపు ఉదయం పదిన్నర దాకా వెబ్‌సైటు ఏదీ తీసుకోదు. గోడగడియారం ఆరుకు పన్నెండు నిమిషాలు తక్కువ చూపుతోంది.

తండ్రి ఫోను తీసి, చేతికి అందినంత దూరం పెట్టి చూశాడు.

"నాన్నా, ఆ అంకెలు చెప్పండి."

"చెప్పను."

"సంతకం నాది."

"కార్ఖానా నాది."

"అందుకేనా జైలు నాకు?"

బాబాయి ఫైలు చంకన పెట్టుకుని లేచాడు. "ఇది కుటుంబ విషయం, నేను..." అన్నాడు. ఎవరూ ఉండమనలేదు, వెళ్ళమనలేదు. ఆయన నిలబడే ఉండిపోయాడు.

ఆ క్షణాన పెరట్లో చప్పుడు ఆగిపోయింది.

నెమ్మదించి ఆగలేదు. ఒక దెబ్బ పడింది, రెండోది పడలేదు. పదకొండు నెలలు ఏ నిశ్శబ్దంలో ఆమె తల్లి హాయిగా కునుకు తీసిందో, ఆ నిశ్శబ్దం మళ్ళీ ఇంట్లోకి వచ్చి కూర్చుంది. తరువాత మెట్ల మీద అడుగులు వినిపించాయి. బరువైనవి, ఒక్కొక్క మెట్టూ ఆగి ఎక్కేవి. ఆ అడుగులు గడప బయట నిలిచాయి. ఆకురాయి మావయ్య ఏళ్ళ తరబడి ఆ గడప దాటి లోపలికి రాలేదు; ఇప్పుడూ రాలేదు. చేతిలో రెండు గాట్ల చట్రం ఉంది.

"పెద్దయ్యగారూ," అన్నాడు. "రూలు మార్చింది ఎవరండీ?"

తండ్రి అతని వైపు తిరిగాడు. ఆ తిరగడంలో ఫోను పట్టుకున్న చెయ్యి బల్ల మీదికి దిగింది. తల్లి గొడుగు కిందుగా చెయ్యి చాచి దానిని తీసుకుంది. లాక్కోలేదు, ఖాళీ కంచం తీసినట్టు తీసింది.

"ఏడు," అంది, ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని. "మూడు."

పెద్దమ్మాయి వేళ్ళు మీటల మీద పడ్డాయి.

"ఏం చేస్తున్నావు నువ్వు!" తండ్రి కుర్చీ వెనక్కి పడింది.

"చదువుతున్నాను. సున్నా. తొమ్మిది. మళ్ళీ తొమ్మిది."

"అమ్మా!" తమ్ముడు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. గొడుగు ఒక పక్కకు ఒరిగింది. "ఆ ఆఖరిది చదివావంటే, రేపటినుంచి నేనీ ఇంట్లో ఉండను. నా పిల్లలు కూడా ఉండరు. ఆలోచించుకో."

తల్లి ఆగింది. కొడుకు వైపు చూసింది. గడప బయట నిలబడినవాడి చేతిలోని రెండు గాట్ల వైపు చూసింది. భర్త వైపు మాత్రం చూడలేదు.

"అమ్మాయ్," అంది. "ఇది చదివితే, ఆ పోయినవాడి గాట్లు పెట్టించడం ఆగుతుందా?"

"ఆగుతుందమ్మా."

"వీళ్ళకు పని దొరుకుతుందా?"

"తెలియదు," అంది పెద్దమ్మాయి.

గడియారంలో ఆరుకు మూడు నిమిషాలుంది. తల్లి కళ్ళజోడు సర్దుకుని, ఆరో అంకె మీద వేలు ఉంచి, గాలి లోపలికి పీల్చింది.